అరవై దాటాక పళ్లకు క్లిప్పులు, పైన లైట్ ట్రీట్‌మెంట్: ఎవరైనా చేయించుకున్నారా?

పర్లాకిమిడి మాస్టారు:
అందరికీ నమస్కారం. నాకు 63. పదేళ్ల కిందట కింది దవడ పన్ను ఒకటి పీకించుకుని ఖాళీగా వదిలేశాను. ఇప్పుడు వెనక పన్ను ఆ ఖాళీలోకి ఒరిగిపోయింది, పై ముందు పళ్లు సందులు పడి బయటికి వచ్చేశాయి. ఇంప్లాంట్ పెట్టాలంటే ముందు క్లిప్పులు వేసి ఒరిగిన పన్నును నిలబెట్టాలి, ఏడాదిన్నర పడుతుంది అన్నారు విశాఖలో ఒక డాక్టరు. ఇంకో క్లినిక్‌లో మాత్రం రోజూ పది నిమిషాలు నోట్లో లైట్ పెట్టుకుంటే సగం టైములో అయిపోతుందని చెప్పి, దానికి విడిగా పెద్ద మొత్తమే అడిగారు. నెలనెలా గుణుపురం పాసింజర్ ఎక్కి వెళ్లి రావడం తలచుకుంటే ఆ "సగం" అన్న మాట వదలబుద్ధి కావడం లేదు. వాడినవాళ్లు ఉంటే చెప్పండి.

బరంపురం కోడలు:
మాస్టారూ, మా అత్తగారికి 58వ ఏట వేయించాం. ఆవిడకు ఇంట్లో పెట్టుకునేది కాదు, తీగ మార్చినప్పుడల్లా క్లినిక్‌లోనే చిగురు మీద లేజర్ పెట్టేవారు, కళ్లకు నల్ల అద్దాలు ఇచ్చేవారు. నిజం చెప్పాలంటే నొప్పి తగ్గింది. తీగ బిగించిన మర్నాడు నొప్పి బాగా ఉండి, వారంలో సర్దుకోవడం మామూలే కదా, లేజర్ పెట్టిన నెలల్లో ఆవిడ మూడో రోజుకే మామూలు అన్నం తినగలిగారు, పెట్టని నెలల్లో గంజి, మెత్తటి పప్పన్నమే. కానీ పళ్లు తొందరగా జరిగాయా అంటే నాకైతే తేడా కనిపించలేదు. మొదట చెప్పిన గడువే పట్టింది.

జైపూర్ డెంటల్:
నేను పళ్ల డాక్టర్నే, కొంచెం పెద్దగా రాస్తాను. పన్ను జరగడం అంటే ఎముక మారడం. తీగ నెట్టిన వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్తది పడుతుంది, నెలకు సుమారు ఒక మిల్లీమీటరు. వయసు పెరిగితే ఈ పని నెమ్మదిస్తుంది, ముఖ్యంగా మొదలవడానికి టైము పడుతుంది. ఈ లైట్ కంటికి దాదాపు కనిపించని పరారుణ కాంతి, ఇంట్లో వాడేవాటిలో 850 నానోమీటర్ల రకం ఉంది. కణంలోని మైటోకాండ్రియా దాన్ని పీల్చుకుని ఎక్కువ శక్తి తయారుచేస్తుంది, దాంతో ఎముక కణాలు చురుగ్గా పనిచేస్తాయి అన్నది దీని వెనక ఆలోచన. ఆలోచన తప్పు కాదు. కొన్ని పరీక్షల్లో వేగం కనిపించింది, కొన్నిటిలో లేదు, ఒక్కొక్కరు ఒక్కో మోతాదు వాడారు, చేయించుకున్నవాళ్లలో ఎక్కువమంది కుర్రవాళ్లు. వైద్య పరీక్షల ఫలితాలన్నీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ వాళ్లు 2023లో ఇలాంటి పద్ధతులను చూసినప్పుడు కూడా సాక్ష్యం బలహీనంగానే తేలింది. అందుకే అరవై దాటినవాళ్లకు "సగం టైము" అని మాట ఇవ్వడం నాకు అస్సలు నచ్చలేదు.

మాస్టారూ, మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది లైట్ కాదు, ముందు పళ్లు సందులు పడి బయటికి రావడం. ఈ వయసులో అలా అయితే చిగుళ్ల జబ్బుతో ఎముక తగ్గిందేమో ముందు చూడాలి. వాచిన చిగురు మీద క్లిప్పులు వేసి లాగితే ఉన్న ఎముక కూడా పోతుంది. షుగరుందా? ఎముకల బలానికి అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటివి వాడారా? వాడి ఉంటే క్లిప్పులకు ముందే చెప్పాలి, వాటితో పన్ను కదలిక మందగిస్తుంది, పన్ను పీకితే దవడ మానడమూ కష్టమవుతుంది. డాక్సీసైక్లిన్ లాంటి మాత్రలు వేసుకుంటుంటే అదీ చెప్పండి, వాటితో కొందరి ఒంటికి ఎండ, వెలుతురు సరిపడవు. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది, ఐబుప్రొఫెన్ రోజుల తరబడి వేసుకుంటే పన్ను కదలిక తగ్గవచ్చు.

గుణుపురం 1971:
మా పెద్దమ్మ సంగతి చెప్పి తీరాలి. ఆవిడ ఏళ్ల తరబడి అడ్డపొగ తాగిన మనిషి, చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని. పొద్దున్నే పళ్లకు గుడాకు, అదే పొగాకు ముద్ద. కట్టుడు పళ్లకు ముందు ఒక పన్ను సరిచేయాలని తీసుకెళ్తే, ఆ క్లినిక్‌లో అంగిలి వైపు చూడకుండానే లైట్ ప్యాకేజీ గురించి మాట్లాడారు. అనుమానంతో ఇంకో చోట చూపిస్తే అంగిలి మీద తెల్ల మచ్చ ఉంది, ముక్క తీసి పరీక్షకు పంపారు. అదృష్టం, క్యాన్సర్ కాదు, కానీ ఆరు నెలలకోసారి చూపించుకోవాలన్నారు. అలాంటి మచ్చ మీద లైట్ పెట్టకూడదని అప్పుడే తెలిసింది. మన వైపు పెద్దవాళ్లలో ఈ అలవాట్లు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో మీకూ తెలుసు, దయచేసి ముందు నోరంతా చూపించండి.

రాయగడ రైలు:
ఆన్‌లైన్‌లో మొహానికి పెట్టుకునే ఎర్ర లైట్ మాస్కు చవగ్గా దొరుకుతోంది, అది పనికిరాదా?

జైపూర్ డెంటల్:
రాదండీ. కాంతి సరైన మోతాదులో చిగురు లోపలి ఎముక దాకా చేరాలి, అది చర్మానికి చేసిన వస్తువు. పళ్లు తెల్లబడటానికి, సిమెంటు గట్టిపడటానికి వాడే నీలం లైట్ కూడా ఇది కాదు.

పర్లాకిమిడి మాస్టారు:
అందరికీ కృతజ్ఞతలు. షుగరుంది, మూడు నెలల సగటు 8.4 వచ్చింది, ఆ సంగతి రెండు చోట్లా అడగలేదు, నేనూ చెప్పలేదు. ఎముకల మందులు వాడలేదు. లైటుకని పక్కన పెట్టిన డబ్బుతో ముందు చిగుళ్ల పని చేయించుకుంటాను, షుగరు దిగాకే క్లిప్పులు. బరంపురం అమ్మాయీ, మీ అత్తగారికి లేజర్ ఒక్కో విడతకు ఎంత తీసుకున్నారో కాస్త చెప్పమ్మా, నొప్పి మరీ ఎక్కువైతే ఆ ఒక్కటి అడుగుతాను.