ఎస్.ఓ.డి. తొలి ఆల్బం: హాస్యమా, అవమానమా?

రిఫ్‌రామం:
న్యూయార్క్ మెటల్ బృందం ఎస్.ఓ.డి. (స్టార్మ్‌ట్రూపర్స్ ఆఫ్ డెత్) 1985లో తెచ్చిన ‘స్పీక్ ఇంగ్లీష్ ఆర్ డై’ (ఇంగ్లీషు మాట్లాడు, లేదా చావు) మొన్న రాత్రి మళ్ళీ విన్నాను. ఆంథ్రాక్స్ అనే మెటల్ బృందం నుంచి స్కాట్ ఇయన్, చార్లీ బెనాంటే, తోడుగా డాన్ లిల్కర్, గొంతు బిల్లీ మిలానోది. మూడు రోజుల్లో రికార్డు చేసేశారు, మొత్తం అరగంట కూడా ఉండదు. మొదట్లో గిటార్ బరువుగా కవాతు చేస్తుంది, ఆ తర్వాత ఊపిరి తీసుకోనివ్వరు. హార్డ్‌కోర్ పంక్ (పంక్ రాక్‌లో మరింత కరకు రకం) వేగమూ థ్రాష్ (వేగంగా, పదునుగా సాగే మెటల్) గిటారూ కలిసిన మొదటి ఆల్బం ఇదే. కాదనేవారు రండి.

కచ్చితం:
కాదు. సూసైడల్ టెండెన్సీస్ అనే బృందం తొలి ఆల్బం 1983.

రిఫ్‌రామం:
అది అప్పటికి పంకే. థ్రాష్ గిటార్ ఎక్కడుంది అందులో?

కచ్చితం:
సోలోలు విన్నారా?

రాత్రిడ్యూటీ:
ఎవరు ముందో తర్వాత తేల్చుకోండి. టైటిల్ పాటలో మాటలు ఎవరైనా చదివారా? వలస వచ్చినవాళ్ళ యాసను వెక్కిరించి, నుదుటి మీద ఆ చుక్కతో చూస్తారా అని అడుగుతాడు. అది మా అమ్మ బొట్టు.

రిఫ్‌రామం:
అది సార్జెంట్ డి అనే పాత్ర మాటండీ. స్కాట్ ఇయన్ గీసిన బొమ్మ, అందరినీ ద్వేషించే బొమ్మ. గీసిన మనిషి స్వయంగా యూదుడు. ఆ మూర్ఖుడిని చూసి నవ్వాలి, అంతే.

రాత్రిడ్యూటీ:
నవ్వడానికి నాకు వీలు చిక్కలేదు. 2009లో టెక్సాస్‌లో పెట్రోలు బంకు కౌంటర్లో రాత్రిపూట పనిచేసేవాణ్ణి. ఒకతను సిగరెట్ పేరు చెప్పాడు, అర్థం కాక రెండుసార్లు అడిగాను. మూడోసారి అతను నోరు తెరవలేదు. చొక్కా మీద ఆ ఆల్బం పేరుంది, దాని మీద వేలితో రెండుసార్లు కొట్టి చూపించాడు. పక్కనున్నతను నవ్వాడు. మీరు చెప్పే పాత్ర ఆ రోజు కౌంటరు అవతల నిలబడింది.

చిన్నమాట:
చొక్కా వేసుకున్నవాడి తప్పు బృందానిది ఎలా అవుతుంది?

రాత్రిడ్యూటీ:
అతను దాన్ని కత్తిరించి కుట్టుకోలేదు కదా. అమ్మారు, కొన్నాడు.

కచ్చితం:
డి.ఆర్.ఐ. అనే ఇంకో బృందం తొలి రికార్డు కూడా 1983. 22 పాటలు. దీనికి ఎవరూ జవాబివ్వలేదు.

రిఫ్‌రామం:
అయ్యా, కాసేపు ఆగండి. రాత్రిడ్యూటీ గారూ, హైదరాబాదులో కూర్చుని వినేవాడికి మీ బంకు కథతో సంకెళ్ళు వేస్తారా? ప్రతి పాటకూ మీ అనుమతి కావాలా?

రాత్రిడ్యూటీ:
హైదరాబాదులో కూర్చుంటే తగలదు కాబట్టే హాస్యం అంటున్నారు. వినవద్దని నేను ఎక్కడన్నాను? తగలలేదని మాత్రం నా తరఫున మీరు చెప్పవద్దు.

రిఫ్‌రామం:
తగలలేదని ఎవరు చెప్పారు? పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంజినీరింగ్ మొదటి ఏడాది నేను నోరు తెరిస్తే వెనక బెంచీలో నా వాక్యాన్నే తిప్పి పలికేవారు. అప్పుడు దొరికింది ఈ క్యాసెట్. ఒక్క ముక్క అర్థం కాలేదు, కాకపోయినా ఎవరూ పరీక్ష పెట్టలేదు. ఇంగ్లీషులో నేను భయపడకుండా విన్నది అదొక్కటే. పదిహేనేళ్ళ తర్వాత మాటలు చదివాను. మీరు చెప్పే బొట్టు ముక్క అప్పుడే చూశాను. చూసి మూసేశాను.

రాత్రిడ్యూటీ:
ఆ సంగతి మొదటే రాసి ఉంటే నేను ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు.

రిఫ్‌రామం:
రాయాలనిపించలేదు.

కచ్చితం:
సరే, 1983 సంగతి?