వేరేవాళ్ల పుస్తకాలు చదువుతూ మన సొంత లోకం కట్టగలమా?

నీలిసిరా

మూడేళ్లుగా ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. ఉత్తరాన మంచుకొండ మీద చీకటి రాజు, దారి చూపే ముసలి మాంత్రికుడు, తను రాజవంశం వాడినని తెలియని గొర్రెల కాపరి, అందరూ వెతికే ఒక కంకణం. పేర్లన్నీ తెలుగువే. మొదటి ఐదు అధ్యాయాలు స్నేహితుడికి చూపిస్తే "టోల్కీన్‌కి పంచె కట్టించినట్టుంది" అన్నాడు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన ఆ ఇంగ్లీషు రచయిత లోకాన్నే తెలుగు పేర్లతో మళ్లీ రాశానని. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అతను అన్నది నిజమే.

ఆ రోజు నుంచి ఫాంటసీ చదవడం మానేశాను. ఎనిమిది నెలలైంది. అయినా కొత్తగా రాసింది కూడా అలాగే వస్తోంది. రాస్తున్నంతకాలం ఈ తరహా పుస్తకాలకు దూరంగా ఉండాలా, చదువుతూనే సొంత లోకం కట్టుకోవచ్చా? రాసేవాళ్లు మీ అనుభవం చెప్పండి.

గోడగడియారం

దూరంగా ఉండాల్సిందే అంటాను. ఏదైనా నవల బాగా నచ్చిందంటే నెల రోజుల పాటు నా వాక్యాలకు ఆ రచయిత నడకే వస్తుంది. ఎత్తుకొచ్చానని తెలిస్తే తీసేయొచ్చు, తెలియకపోతే ఎలా తీస్తాం? 1977లో టెర్రీ బ్రూక్స్ ‘ది స్వోర్డ్ ఆఫ్ షనారా’ వచ్చింది. బాగా అమ్ముడుపోయింది. కానీ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ని అనుకరించిందన్న మాట మాత్రం ఆ పుస్తకాన్ని ఇప్పటికీ వదల్లేదు. ఆయన కావాలని కాపీ కొట్టాడని నేను అనుకోను. ఇష్టపడి చదివినదే చేతిలోంచి వచ్చి ఉంటుంది. చిన్నప్పుడు తలకెక్కింది ఎనిమిది నెలల్లో దిగదండీ, ఇంకొన్నాళ్లు ఓపిక పట్టండి.

మత్తడి

గోడగడియారం గారూ, వాక్యం నడక గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ నీలిసిరా గారి ఇబ్బంది వాక్యంలో లేదు, ఆయన కట్టిన లోకంలో ఉంది. అది చదవడం మానేస్తే పోదు. కొత్త సరుకు లోపలికి రాకపోతే ఉన్న సరుకే మళ్లీ మళ్లీ బయటికొస్తుంది. ఎనిమిది నెలల్లో జరిగింది అదే.

టోల్కీన్ ఏం చేశాడో చూడండి. 1937లో వచ్చిన ‘ది హాబిట్’లో మరుగుజ్జుల పేర్లు దాదాపు అన్నీ, మాంత్రికుడు గాండాల్ఫ్ పేరుతో సహా, ‘వోలుస్పా’ అనే పాత నార్స్ కవితలోని జాబితా నుంచి తీసుకున్నవే. డ్రాగన్ నిధిలోంచి గిన్నె దొంగిలించే ఘట్టం అంతకుముందే ‘బేవుల్ఫ్’ అనే పాత ఇంగ్లీషు కావ్యంలో ఉంది. ఆయన కథల్లో ఎల్ఫులనే జాతి మాట్లాడే భాషల్లో ఒకదానికి ఫిన్నిష్ ఆధారం, ఇంకోదానికి వెల్ష్. ఇన్ని తెచ్చుకున్నా ఆయన లోకం ఆయనదే అయింది. ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు బోధించిన మనిషి ఆయన. తను అల్లిన భాషలకు మాట్లాడే జనం కావాలి, ఆ జనానికి చరిత్ర కావాలి, అలా కట్టుకుంటూ పోయాడు. మనం ఆయన వండిన కూరని గిన్నె మార్చి వడ్డిస్తున్నాం. ఆయన సరుకులు తెచ్చుకున్నట్టు మనమూ మన సంతకు వెళ్లి తెచ్చుకోవడం లేదు.

1968లో ఉర్సులా లె గ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ రాసింది. అందులోనూ మాంత్రికులు, డ్రాగన్లు ఉన్నారు. కానీ ఆ లోకమంతా దీవులు. దేనికైనా దాని అసలు పేరు తెలిస్తేనే మంత్రం పారుతుంది. ఇక్కడ వాన కురిపిస్తే ఇంకో దీవిలో కరువు రావచ్చన్న జంకు మాంత్రికుడికి ఉండాలి. ఆ సమతూకం ఆమెకు చైనా తావో చింతన నుంచి వచ్చింది.

అంత దూరం ఎందుకు, 16వ శతాబ్దంలో మన పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ రాశాడు. ద్వారక, కృష్ణుడు, నారదుడు, రంభ, అన్నీ తెలిసినవే. కథ మాత్రం ఏ పురాణంలోనూ లేదు. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ లోకంలో మనుషులకు నిజంగానే జరిగిపోవడం! ఆ ఊహ ఇవాళ ఎవరైనా రాసినా కొత్తగానే ఉంటుంది. నేను దాన్ని మొదటిసారి చదివినప్పుడు లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను.

ఇక నేను చేసే పని చెబుతాను. మాది వరంగల్ వైపు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల మధ్య పెరిగాను. పై చెరువు నిండి మత్తడి, అంటే అలుగు, దూకితేనే కింది చెరువుకు నీళ్లు. తూము తీసేది, ఏ మడికి ఎంతసేపు పారాలో చూసేది నీరటి. నీళ్లకు బదులు మంత్రశక్తి అలా కొండ మీంచి చెరువు నుంచి చెరువుకు దిగుతుందనుకోండి. పై ఊళ్లో పసిపిల్లలకు కూడా మంత్రం వస్తుంది. కిందాఖరు ఊళ్లో కాలం బాగైన ఏడాదే రోగం నయమవుతుంది. అప్పుడు జనం మాంత్రికుడికంటే నీరటికి ఎక్కువ భయపడతారు. పై ఊరితో వియ్యానికి కింది ఊరివాళ్లు అప్పులు చేస్తారు. రాత్రిపూట ఎవరో గండి కొడతారు. చూడండి, చీకటి రాజు అవసరమే రాలేదు. ఒక్క నియమం పెట్టుకుని పెళ్లి, అప్పు, పంచాయితీ, చావు దాకా దాన్ని లాక్కెళ్లండి.

తాడ్వాయి దారి

మత్తడి అన్నా, చెరువు మాట బాగుంది. కానీ "మన సంతకు వెళ్లండి" అన్నారు కదా, ఆ సంతలో మనుషులున్నారు. మాది మేడారం దగ్గర. సమ్మక్క సారలమ్మ జాతరలో విగ్రహాలు ఉండవు. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో కోయ పూజారులు గద్దె మీదికి తెస్తారు. ఈ మధ్య ఆన్‌లైన్‌లో ఒక కథ చదివాను. పేర్లు మార్చి ఇదంతా వాడుకున్నారు. భరిణె హీరో చేతికి చిక్కితే అతనికి శక్తులొస్తాయి, దాన్ని కాపాడే పూజారులు విలన్లు. నాకు ఏడుపొచ్చింది. పోయిన జాతరకు మా అమ్మ నిలువెత్తు బంగారం ఇచ్చింది. బంగారమంటే బెల్లమే, అయినా ఆ మొక్కు కోసం ఏడాదంతా డబ్బులు దాచింది. కొత్తదనం కోసం వెతికేవాళ్లకు అది మ్యాజిక్ సిస్టమ్‌లా కనిపిస్తే ఎలా?

గోడగడియారం

నా మాట కూడా ఇదే. బయటి పుస్తకం నుంచి తెచ్చినా ఇంటి నుంచి తెచ్చినా తెచ్చుకున్నదే. పురాణాలూ అంతే. పోగొట్టుకున్న దివ్యాస్త్రం, శాపం తీరని చిరంజీవి ఎన్ని కథల్లో చూశాం! మంచుకొండ స్థానంలో మేరువు పెడితే సొంతమైపోదు.

మత్తడి

తాడ్వాయి దారి గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. పనులు, ఏర్పాట్లు తీసుకుంటాను, ఇంకొకరి మొక్కు తీసుకోను అని ఒక హద్దు పెట్టుకున్నాను. కానీ అది ప్రతిసారీ నిలవడం లేదు. మా వైపు చెరువు కట్ట అంటే కట్ట మైసమ్మ ఉండాల్సిందే. ఆమెను తీసేస్తే ఆ చెరువు అబద్ధమవుతుంది. ఉంచితే మీరన్న తప్పు నేనూ చేస్తానేమో. చివరికి ఆమెకు నా కథలో శక్తులేవీ కల్పించలేదు. ఆమెకు మొక్కేవాళ్లను మాత్రం రాశాను. ఇది సరిపోతుందో లేదో మీలాంటివాళ్లు చదివి చెప్పాలి.

గోడగడియారం గారూ, తెచ్చుకోవడం తప్పదన్నాక చదవడం ఆపమనడం ఎందుకండీ? ఒక్క పుస్తకమే చదివినవాడికి దాని నీడ నుంచి బయటపడటం కష్టం. యాభై చదివినవాడికి ఏది ఎక్కడిదో గుర్తుపట్టే చూపు వస్తుంది.

గోడగడియారం

గుర్తుపట్టే చూపు దిద్దేటప్పుడు కావాలి. మొదటి డ్రాఫ్ట్ రాసేటప్పుడు కాదు. అక్కడ నా మాట మీదే ఉంటాను.

నీలిసిరా

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కంకణం తీసేశాను, చీకటి రాజునూ తీసేశాను. కాపరి మిగిలాడు. రాజవంశం లేకపోతే ఇతనికి కథ ఉందా అని మూడేళ్లలో ఒక్కసారీ అడుక్కోలేదు. మా తాత గొర్రెలు కాసేవాడు. ఎండాకాలం మందను తోలుకుని నెలల తరబడి ఊళ్లు తిరిగేవాడు. ఎరువు కోసం రైతులు రాత్రిపూట తమ పొలంలో మంద పెట్టించుకుని గింజలు కొలిచేవాళ్లు. నా లోకంలో మంద పడుకున్న పొలానికి ఆ రాత్రి ఆ గొర్రెలు నడిచొచ్చిన ఊళ్లన్నీ తెలిసిపోతాయనుకుంటున్నాను. అప్పుడు ఏ రైతు పిలుస్తాడు, ఏ రైతు భయపడి పొమ్మంటాడు, ఇంకా తేలలేదు.

తాత లేడు, అడగడానికి. మీ ఊళ్లలో ఒక రాత్రి మందకు ఎన్ని గింజలు ఇచ్చేవాళ్లు, ఆ బేరం ఎవరు మాట్లాడేవాళ్లు, తెలిసినవాళ్లు రాయండి.