మిర్రర్ డింగీ గాలి అరలోకి నీళ్లు: టేపు ఎంత మేర తీయాలి?

ఇంగ్లండ్‌లో పాత చెక్క మిర్రర్ డింగీ (చిన్న తెరచాప పడవ) కొన్నాను. 1962లో జాక్ హోల్ట్, బ్యారీ బక్‌నెల్ రూపొందించినది, ప్లైవుడ్ పలకల్ని రాగితీగతో కుట్టి గ్లాస్ టేపు (గాజునార పట్టీ), రెజిన్‌తో (గట్టిపడే జిగురుతో) అతికించే పడవ. ఎంత తెలివైన పద్ధతో!

గంటసేపు నీళ్లలో నడిపితే ఎడమ గాలి అరలో (పడవ మునగకుండా తేల్చే మూసిన ఖాళీ అర) రెండు లీటర్ల నీళ్లు చేరుతున్నాయి. ట్రైలర్ మీదే ఉంచి అరలో నీళ్లు పోసి చూశాను. అడుగు పలక, పక్క పలక కలిసేచోట, పచ్చబడిన తీగ మొన చుట్టూ చెమట పట్టినట్టు ఊరుతోంది. పెయింట్ గీకి బయట రెండు పూతలు ఎపాక్సీ రెజిన్ వేశాను. మూడు వారాలు ఆగి మళ్లీ మొదలైంది. లోపలి టేపును వేలితో కొడితే జానెడు మేర డొల్లగా మోగుతోంది.

ఇలాంటి పడవ బాగుచేసినవాళ్లు చెప్పండి: ఆ జానెడు టేపు తీసి కొత్తది వేస్తే చాలా, అతుకు పొడవునా ఊడదీయాలా?