సొట్ట పడ్డ 70-200 లెన్స్ 14 వేలు అంటున్నారు, తీసుకోవచ్చా?

కోనసీమ_కెమెరా:
అందరికీ నమస్కారం అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. రెండేళ్లుగా కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్ తోనే నెట్టుకొస్తున్నాను, అది దూరంవి దగ్గరగా చూపించదు. పోయిన కనుమకి జగ్గన్నతోట తీర్థంలో గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటుతుంటే జనంలో ఇరుక్కుపోయి ఒక్క ఫోటో కూడా సరిగ్గా రాలేదు, ఈసారి దూరం నుంచైనా తీయాలని గట్టిగా ఉంది. రాజమండ్రిలో ఒక స్టూడియో ఆయన పాత కెనాన్ 70-200 ఎఫ్4 ఎల్ జూమ్ లెన్స్, ఐఎస్ (చెయ్యి వణుకుని సరిచేసే ఏర్పాటు) లేనిది, 14 వేలకి ఇస్తానంటున్నారు. ముందు రింగుకి ఒక పక్క సొట్ట ఉంది, ఫిల్టర్ ఎక్కట్లేదు. ముందు అద్దం అంచున సన్న గీత ఒకటి. పెళ్లిలో ఒకసారి స్టేజీ మీంచి పడిందని ఆయనే చెప్పారు. జూమ్ రింగు 135 దగ్గర కాస్త పట్టేస్తోంది. "ఫోటోలో ఏ తేడా రాదు బాబూ" అంటున్నారు. కొబ్బరి దింపు డబ్బుల్లోంచి నాన్న ఇస్తానన్నారు కాబట్టి తప్పు చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

పాలకొల్లు_స్టూడియో:
తమ్ముడూ, సొట్టని చూసి భయపడకు, ఆ సొట్ట పడ్డప్పుడు లోపల ఏం కదిలిందో చూడు. రింగు వంగితే ఫిల్టర్ ఎక్కదు, అంతే. దాన్ని సాగదీసే పనిముట్టు ఉంటుంది, తెలిసినవాడైతే సరిచేస్తాడు (పట్టకారుతో మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకు). కానీ పడ్డ దెబ్బకి లోపలి అద్దం ఒక్క వెంట్రుకవాసి ఒరిగినా ఫోటోలో ఒక మూల మసకగా వస్తుంది. అది మామూలు రిపేరు షాపులో అయ్యే పని కాదు.

నీ కెమెరా పట్టుకుని నువ్వే వెళ్లు. గోడకి న్యూస్‌పేపర్లు బల్లపరుపుగా అంటించి, ట్రైపాడ్ మీద కెమెరాని గోడకి సూటిగా పెట్టి, ఎఫ్4 లో (అంటే లెన్స్ లోపలి రెక్కలు పూర్తిగా తెరిచి), రెండు సెకన్ల టైమర్‌తో జూమ్ 70, 135, 200 మూడింటి దగ్గరా తియ్యి. ఫోకస్ మధ్యలో, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) పెంచి చూసుకుని చెయ్యి. తర్వాత నాలుగు మూలలూ పెద్దవి చేసి అక్షరాలు చదువు. ఒక మూల మసకగా కనిపిస్తే వెంటనే లెన్సుదే తప్పనుకోకు, కెమెరాని తలకిందులు చేసి ఇంకోటి తియ్యి. మసక గోడ మీద అవతలి మూలకి మారితే లెన్సే పోయింది. గోడ మీద అక్కడే ఉంటే నువ్వు కెమెరాని వంకరగా పెట్టావన్నమాట. ఇదంతా అయ్యేదాకా అడ్వాన్స్ రూపాయి కూడా ఇవ్వకు, ఫోన్‌పే అసలే చెయ్యకు.

కోరంగి_పడవ:
అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను గీత గురించి, బూజు గురించి చెప్తాను.

ముందు అద్దం మీద సన్న గీత మామూలు వెలుతురులో తీసిన ఫోటోలో అసలు కనపడదు. నా దగ్గరున్న టెలీ లెన్సుకి రెండు గీతలున్నాయి, కోరంగి మడ అడవుల్లో పొద్దున్నపూట పక్షుల్ని తీస్తే ఏ తేడా తెలియదు. సాయంత్రం సూర్యుడికి ఎదురుగా తీస్తే మాత్రం ఫోటో అంతా పాలు కలిపినట్టు వెలిసిపోతుంది. అందుకని ఒక ఫోటో వెలుగుకి ఎదురుగా కూడా తీసి చూడండి. వెనక అద్దం మీద గీత ఉంటే మాత్రం వదిలేయండి, అది ఎక్కువ చెడగొడుతుంది.

మన డెల్టాలో సొట్ట కన్నా ఫంగస్‌కే భయపడాలి. గాల్లో తేమ, వానాకాలం నెలల తరబడి తీయని బ్యాగు, ఇంకేం కావాలి దానికి. ఈ లెన్సుకి తేమని ఆపే రబ్బరు సీలు కూడా లేదు. చీకటి గదిలో వెనక నుంచి సెల్ టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. కెనాన్ ఈఎఫ్ లెన్స్ కెమెరా నుంచి విప్పితే లోపలి రెక్కలు పూర్తిగా తెరుచుకునే ఉంటాయి కాబట్టి అన్ని అద్దాలూ కనపడతాయి. నాలుగు దుమ్ము రేణువులుంటే ఫర్వాలేదు. సాలెగూడులా పోగులు కనపడితే ఎంత తక్కువకిచ్చినా వద్దు, శుభ్రం చేయించినా అద్దం పూతని అప్పటికే తినేసి ఉండొచ్చు.

భీమవరం_క్లిక్స్:
నేనైతే తీసుకోను. పడిన లెన్స్, పైగా జూమ్ పట్టేస్తోందంటే లోపల ఏదో వంగింది. మీది 18-55 వచ్చిన కెమెరా అంటున్నారు కదా, దానికి సరిపోయే 55-250 ఎస్‌టీఎం లెన్స్ సెకండ్ హ్యాండ్ చూడండి. తేలిక, ఐఎస్ ఉంది, చేతిలో పట్టుకుని తీసేవాళ్లకి అది చాలా ఉపయోగం. వెలుతురు తగ్గితే 70-200 మేలే, కాదనను, కానీ ప్రభలు తీసేది పట్టపగలు.

కోనసీమ_కెమెరా:
నిన్న రాజమండ్రి వెళ్లొచ్చానండి. టార్చి వేసి చూశాను, బూజు లేదు. 70 దగ్గర నాలుగు మూలలూ బాగున్నాయి, నాకు ఆశ పుట్టింది. 200 దగ్గర కుడి వైపు పై మూల పేపర్లో హెడ్డింగు కూడా చదవలేకపోయాను. కెమెరా తలకిందులు చేస్తే గోడ మీద ఆ మసక ఎడమ వైపు కిందకి వచ్చేసింది. ఆయనకి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు, ఆయనకీ తెలియదనుకుంటా, తర్వాత తొమ్మిది వేలకి ఇస్తానన్నారు. నాకు కావలసింది 200 దగ్గరే, వద్దని చెప్పి వచ్చేశాను. పాలకొల్లు అన్నయ్యా, మీ మాట వినకపోతే డబ్బులు ఇచ్చేసేవాణ్ణి. 55-250 కాకినాడలో ఒకటి ఉందట, ఆదివారం వెళ్తున్నాను. లెన్స్ దాచడానికి గాలి దూరని డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు ముందే కొన్నాను. అవి తేమ పీల్చి గులాబీ రంగుకి మారాక ఎండలో పెడితే సరిపోతుందా?

కోరంగి_పడవ:
మన ఎండలో తేమ కూడా ఉంటుంది, సరిగ్గా ఆరదు. గుళికలు పొట్లంలోంచి తీసి పెనం మీద సన్న సెగన మళ్లీ నీలం రంగు వచ్చేదాకా వేడి చేయండి. ఆ నీలం రంగు మందు మంచిది కాదు, వంట పెనం వాడొద్దు. డబ్బాలో చిన్న తేమ మీటరు కూడా పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి.

పాలకొల్లు_స్టూడియో:
కాకినాడలో కూడా గోడ టెస్ట్ చెయ్యి తమ్ముడూ, పైకి కొత్తదానిలా ఉన్నా సరే. 250 దగ్గర తీసినవి ఇక్కడ పెట్టు, నేను చూసి చెప్తాను.