సూపర్నోవాలు ధూళిని పుట్టిస్తాయా, పొట్టన పెట్టుకుంటాయా?

నీలాకాశం: విశ్వంలో ధూళికి, అంటే తారల మధ్య తేలే సన్నటి ఘన రేణువులకి, అసలు కార్ఖానా సూపర్నోవాయే, అంటే తార పేలుడే అంటాను. 1987 ఫిబ్రవరిలో మన పొరుగు గెలాక్సీ పెద్ద మాజిల్లాన్ మేఘంలో పేలిన సూపర్నోవా 1987ఏనే తీసుకోండి. హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు పట్టిన దూర పరారుణ కాంతిని బట్టి 2011లో లెక్కేస్తే 0.4 నుంచి 0.7 సూర్యుల బరువు ధూళి తేలింది. ఇంకేం కావాలి?

గోదారిగట్టు: అంత తొందరెందుకండీ? మన గెలాక్సీలోనే ఉన్న సూపర్నోవా శిథిలం కాసియోపియా ఏ సంగతి మరిచారా? 2003లో ఇలాగే 2 నుంచి 4 సూర్యుల బరువన్నారు. 2004కల్లా, ఆ వెలుగులో చాలా భాగం మనకీ దానికీ మధ్య అడ్డొచ్చిన మేఘానిదని తేల్చారు. హెర్షెల్‌కి కూడా 1987ఏ చుట్టూ ఉన్న వలయం, లోపలి శిథిలాలు కలిసి ఒకే చుక్క. వెలుగు ఎక్కడిదో తెలియకుండా బరువు తూస్తే ఎలా?

నీలాకాశం: అందుకే చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపులతో చూశారు. చల్లటి ధూళి మధ్యలోని శిథిలాల్లోనే ఉందని 2014లో స్పష్టమైంది. వలయంలోది 180 కెల్విన్ దాకా వేడెక్కి మధ్య పరారుణంలో మెరుస్తుంది గానీ బరువు లేదు. లోపలిది 20 కెల్విన్ దగ్గర, అంటే దాదాపు మైనస్ 250 డిగ్రీల చలిలో ఉంది. వేడి ధూళిని మాత్రమే చూసి మొత్తం లెక్క కట్టడమంటే పొయ్యి సెగ చూసి గాదెలో ధాన్యం కొలవడమే.

శారద: సరే, పుట్టిందని నేనూ ఒప్పుకుంటా. బతికి బట్టకడుతుందా అన్నదే నా పేచీ. విసిరేసిన పదార్థం చుట్టుపక్కల వాయువును ఢీకొన్నాక, ఒక షాక్ తరంగం వెనక్కి, లోపలికి మళ్లుతుంది. ఆ వేడి వాయువులో అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) రేణువుల్ని తాకి అణువు అణువుగా చెక్కేస్తాయి. చిన్న రేణువులు ముందు పోతాయి, పెద్దవి కొంత నిలుస్తాయి. 1987ఏ లోపలి ధూళికి ఆ దెబ్బ ఇంకా తగలనేలేదు. పుట్టిన బిడ్డల లెక్క చెప్పి జనాభా అనకండి!

నీలాకాశం: కొన్నైనా బతుకుతాయనడానికి సాక్ష్యం మన చేతుల్లోనే ఉంది. 1969లో ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్కలో సిలికాన్ కార్బైడ్ రేణువులు దొరికాయి. కొన్నిటిలో రేడియోధార్మిక టైటానియం-44 క్షీణించి మిగిల్చిన కాల్షియం-44 ఎక్కువగా ఉంది. ఆ టైటానియం పేలిన తారలోనే తయారవుతుంది.

శారద: ఆ సూపర్నోవా రకం, దొరికిన సిలికాన్ కార్బైడ్‌లో నూటికి ఒకటి. మిగతావి చాలావరకు ఎర్ర రాక్షస తారలవి. కార్ఖానా ఎవరిదండీ మరి?

గోదారిగట్టు: ఆ నూటికి ఒకటి సిలికాన్ కార్బైడ్‌కే. అది కార్బన్ ఎక్కువున్న చోట పుట్టే రకం. ఆక్సిజన్ ఎక్కువున్న చోట పుట్టే సిలికేట్ల (రాతి రకం రేణువుల) లెక్క దాంతో తేలదు. అయితే నీలాకాశం గారూ, మీ సగం సూర్యుడి ధూళిలో రేణువులు ఎంతెంత సైజువో ముందు చెప్పండి, అప్పుడు శారద గారితో వాదించవచ్చు.