సీసం తూటాల గట్టిదనం: చేతి మైక్రోస్కోప్‌లో రీడింగ్ నిలవడం లేదు

పోత_కొత్త: ఒకే కరుగులో పోసిన మూడు తూటాలు. చిన్న ఉక్కు బాల్‌ని బరువుతో తూటా మీద నొక్కి, పడిన గుంట వెడల్పు కొలిస్తే ఒకటి 11 బీహెచ్‌ఎన్ (బ్రినెల్ గట్టిదనం అంకె, ఎక్కువైతే గట్టి), ఒకటి 12, ఇంకోటి 14. మైక్రోస్కోప్ 20 రెట్లది, చేత్తోనే పట్టుకుంటున్నా. ఊపిరి తీసినా లోపలి కొలత గీతలు కదిలిపోతున్నాయి. తప్పు మిశ్రమానిదా, నా చూపుదా?

సీసం_మూస: చూపుదే. నేనూ ఆర్నెల్లు ఇదే తంటా పడ్డాను. ముందు చేత్తో పట్టుకోవడం మానేయండి. చెక్క దిమ్మెకు రంధ్రం చేసి మైక్రోస్కోప్ గొట్టాన్ని అందులో బిగించాను. కింద వి ఆకారపు గాడిలో తూటా పడుకుంటుంది. మైక్రోస్కోప్ కదలదు, తూటానే జరుపుతాను. గుంట ఎడమ అంచు ఒక గీతకు ఆనేదాకా జరిపి, కుడి అంచు ఏ గీత దగ్గరుందో చూస్తాను. తూటాని తిప్పి అడ్డంగా ఇంకోసారి కొలిచి సగటు తీస్తాను.

వెలుతురు సంగతి మరీ ముఖ్యం. పైనుంచి పడితే సీసం తళతళలాడి అంచే దొరకదు. టార్చ్‌ని పక్కనుంచి, బల్లకు ఆనినంత కిందుగా పెట్టండి. అంచు నల్లటి వలయంలా తేలుతుంది.

లెక్కలరాయుడు: 5/32 అంగుళాల బాల్, 60 పౌండ్ల బరువు అనుకుని లెక్క వేశాను. మైక్రోస్కోప్‌లో ఒక్కో గీత 0.002 అంగుళం. మీ 11కీ 14కీ మధ్య తేడా నాలుగే గీతలు! మెత్తటి సీసంలో, అంటే 6 దగ్గర, ఒక గీత తప్పితే తేడా సుమారు 0.3 మాత్రమే. 20 దగ్గర అదే గీతకు ఒకటిన్నర పైనే పోతుంది. అందుకే గట్టి మిశ్రమాలకు నేను ఐదు గుంటలైనా కొలుస్తాను.

పాత_అచ్చు: నొక్కే చోట ఆకురాయితో చదును చేశారా? గుండ్రటి ఒంటి మీద నొక్కితే గుంట కోలగా వస్తుంది. బరువు ప్రతిసారీ 30 సెకన్లు ఉంచాలి, సీసం నెమ్మదిగా ఇంకా దిగుతూనే ఉంటుంది. మిశ్రమంలో ఆంటిమొనీ (సీసాన్ని గట్టిపరిచే లోహం) ఉంటే పోసిన రోజు కొలత నమ్మొద్దు, వారాల తరబడి గట్టిపడుతుంది. శుద్ధ సీసం ముక్క ఒకటి దగ్గరుంచుకోండి, అది 5 చూపాలి. ఆకురాయి పొడి ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగండి, ఇది మరిచిపోవద్దు.

పోత_కొత్త: దిమ్మె చేశాను, టార్చ్ పక్కకి పెట్టాను. అవే మూడు తూటాలు చదును చేసి మళ్లీ నొక్కితే మూడూ ఒక గీత తేడాలోనే వచ్చాయి, 12 దగ్గర. శుద్ధ సీసం ఇంకా చూడలేదు.