సినిమాతో పిల్లలకి సైన్సు మీద పుట్టిన ఆసక్తిని ఎలా నిలబెట్టాలి?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం, అరసవల్లి దగ్గర. పాప ఆరో తరగతి, బాబు మూడు. మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’ చూశాం. టైమ్ మెషిన్ రాయల కాలానికి వెళ్లగానే పాప సినిమా ఆపించి, "నాన్నా, నిజంగా వెనక్కి వెళ్లొచ్చా?" అంది. ఇంతవరకు ఎవరూ వెళ్లలేదు గానీ, సూర్యుడి వెలుగు మనల్ని చేరడానికి సుమారు 8 నిమిషాలు పడుతుంది, అంటే మనం చూసేది 8 నిమిషాల కిందటి సూర్యుణ్ణే అని చెప్పాను. దాని మొహం వెలిగిపోయింది!

వెంటనే ఇంకో ప్రశ్న. మన అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడిలో స్వామి పాదాల మీద సూర్యకిరణాలు మార్చి, అక్టోబరుల్లోనే ఎందుకు పడతాయి అని. సూర్యుడు ఉదయించే చోటు ఏడాది పొడవునా ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతూ ఉంటుందని నాకు తెలుసు. పిల్లలకి చేసి చూపించడమే చేతకాలేదు. రెండు రోజుల్లో ఆ ఉత్సాహం చల్లారిపోయింది, అదే నా బాధ.

అంతరిక్షం, రోబోల మీద తెలుగులో గానీ డబ్బింగులో గానీ ఇంటిల్లిపాదీ చూడదగ్గ సినిమాలు చెప్పండి. బాబుకి ఫైటింగులంటే భయం. అంతకన్నా ముఖ్యంగా, సినిమా అయ్యాక మీ పిల్లలతో ఏం చేయిస్తున్నారు? టార్చిలైటు, బంతితో ఈ కిరణాల సంగతి చూపించినవాళ్లుంటే ఎలా చేశారో కాస్త వివరంగా రాయండి.